తోడేసిన కడుపు

ఉరుకుందమ్మకు కడుపుమంట అని ఊరందరికీ తెలుసు. కడుపుమంటల్లో రెండు రకాలున్నాయని, అందులో ఒకటి మాత్రమే జబ్బని తెలుసుకోవడానికి ఆమెకు మనవరాలు పుట్టేదాకా పట్టింది. ఊరికి మాత్రం ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిదయింది, ఎందుకో చెప్తాను.

ఆలూరు వైపు నల్లరేగడి చేలల్లో ఒక ఊరు. ఆ ఊళ్లో సంతోషమ్మ ఇంటికి పెద్ద కోడలుగా వచ్చింది ఉరుకుందమ్మ. చక్కని మనిషి, పనిమంతురాలు. పత్తి తీయడానికి దిగితే పక్క సాలులో వాళ్లు వెనకబడాల్సిందే. కొన్నాళ్లపాటు ఆ ఇంట్లో ఆమె మాటే మాట. ఆ తర్వాత మరిదికి పెళ్లయింది, చిన్న కోడలు వచ్చింది, ఉరుకుందమ్మ మనశ్శాంతి పోయింది.

పేచీ పేరుతోనే మొదలైంది. చిన్న కోడలు వయసులో చిన్న, వరసలో చిన్న. కన్నవాళ్లు పెట్టిన పేరేమో భీమక్క. పిలిచినప్పుడల్లా పెద్ద కోడలి నోటి వెంట ‘అక్క’ అని రావాలి. ‘దాన్ని నేను అక్కా అనేదేంది?’ అని ఉరుకుందమ్మ మొదటి రోజే తీర్మానం చేసుకుంది. ఆనాటి నుంచి ‘ఏమే’, ‘ఓయమ్మే’, పరోక్షంలో ‘అది’, కోపం ముదిరితే ‘మా ఇంటి మహారాణి’. అసలు పేరు నాలుక మీదికి రానివ్వలేదు. భీమక్క మాత్రం మాటకు ముందొక ‘అక్కా’, మాటకు వెనకొక ‘అక్కా’. అదీ ఉరుకుందమ్మకు కష్టమే. అంత మర్యాదగా ఉంటే తిట్టడానికి సందెక్కడ దొరుకుతుంది?

పేరు సంగతి అటుంచితే, అసలు బాధ భీమక్క కడుపు. ఆ మనిషి ఏం తిన్నా అరిగేది. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసుక్కొని, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగేది. పేడ తీసిన చేతిని కొంగుకు తుడుచుకొని అదే చేత్తో రొట్టె తుంచేది. దూడల పక్కన పడుకొని గురక పెట్టేది. ఒక జ్వరం లేదు, ఒక విరేచనం లేదు. ముగ్గురు కొడుకుల్ని కని, బాలింత పథ్యం కూడా సరిగ్గా చేయకుండా చేనికి పోయింది. ఉరుకుందమ్మ ఆదోనిలో బొరుగుల ఉగ్గానితో రెండు బజ్జీలు ఎక్కువ తింటే రెండు రోజులు పొట్ట ఉబ్బేది. ఎన్నో మొక్కులు మొక్కితే ఒక్క ఆడబిడ్డ, నాగలత. కడుపు అన్న మాటకు తెలుగులో ఎన్ని అర్థాలున్నాయో అన్నిట్లోనూ భీమక్కదే పైచేయి. చూసి ఓర్చుకోవాలంటే ఉరుకుందమ్మకు ప్రాణం మీదికి వచ్చేది.

అన్నిటికంటే పెద్ద గాయం పెరుగు దగ్గర తగిలింది. భీమక్క తోడేస్తే పెరుగు గడ్డ కట్టేది, మట్టి దుత్త వంచినా జారేది కాదు. ఉరుకుందమ్మ వేస్తే ఒకనాడు నీళ్లు, ఒకనాడు జిగట. అత్త సంతోషమ్మ దానికి కారణం ఉన్నదున్నట్టు చెప్పేది.

“మండే పాలల్లో తోడేస్తే తోడు సచ్చిపోతాదే. చెయ్యి పెడితే ఓర్చుకునేంత ఆరనియ్యల్ల. నీకు దేనికీ తాళిమి లేదు.”

తాళిమి ఎట్లా ఉంటుంది? పక్క పొయ్యి మీద భీమక్క పాలు కాస్తుంటే, ముందు తనదే కావాలని ఉరుకుందమ్మకు ఆత్రం.

అన్నదమ్ములు వేరు పడిన రోజు పెద్దమనిషి గోపన్న పంచాయితీ చేశాడు. చేలు పంచారు, ఎద్దులు పంచారు, ఇంటిని నడిమికి పంచారు. చివరకు గోపన్న, “ముసలమ్మా, నువ్వు ఎవురి పక్క ఉంటావు?” అని అడిగాడు.

సంతోషమ్మ ఆలోచించనైనా లేదు. “చిన్నదాని పక్క. దాని పెరుగు బాగుంటాదప్పా,” అంది.

పంచాయితీకి వచ్చినవాళ్లంతా నవ్వారు. ముసలామె సరదాకే అందో, నిజంగానే అందో దేవుడికే తెలియాలి. ఉరుకుందమ్మకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నేళ్ల చాకిరీ, ఇన్నేళ్ల కాళ్లు పట్టడం ఒక ముంత పెరుగుకు సరితూగలేదు. ఆమె మొహం చూసి భీమక్క గబగబా లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చింది.

“అక్కా, పొద్దున్నుంచి ఎండలో కూసున్న్యావు. ఇంత తాగు.”

దాంతో తెగింది. ఉరుకుందమ్మ లేచి నిలబడి, పదిమందీ వినేట్టు అరిచింది.

“ఇంగ ఈ జన్మలో నీ చేతి మజ్జిగ నేను తాగితే, నీ పియ్యి తిన్నట్టే! ఉరుకుంద ఈరన్న మీద ఒట్టు!”

తనకు ఏ దేవుడి పేరు పెట్టారో ఆ దేవుడి మీదే ఒట్టేసింది, ఇంక వెనక్కి తీసుకునేదెట్లా? ఇంటి నడుమ బండలతో గోడ లేచింది. ఆ గోడకు అటు కవ్వం చప్పుడైతే ఇటు ఉరుకుందమ్మకు చెవుల్లో సీసం పోసినట్టుండేది. ఆమె పెరుగు చేయడమే మానేసి, అంగట్లో ప్యాకెట్ పెరుగు తెప్పించుకునేది. ఎవరైనా అడిగితే, “మా ఇంట్లో అందరికీ ప్యాకెట్ పెరుగే పడతాది,” అని గొప్పగా చెప్పేది. ఇంట్లో ఉన్నదే తనూ మొగుడు మద్దిలేటీ. ఆయన ఆ పెరుగును అన్నంలో కలుపుకొని, గోడ వైపు చూస్తూ నిట్టూర్చేవాడు.

కాలం గడిచింది. నాగలత పెళ్లయి ఎమ్మిగనూరు పోయింది. ఉరుకుందమ్మకు పెరుగులో దక్కని గొప్ప ఇంకొక చోట దొరికింది. అది మందుల్లో. ఒకసారి పంటి చిగురు వాచితే ఆదోని డాక్టరు ఎరుపూ నలుపూ గొట్టం మాత్రలు రాసిచ్చాడు. మూడోనాటికి వాపు దిగింది. ఆ మాత్రల మీద ఆమెకు గురి కుదిరింది. జలుబు చేస్తే గొట్టం మాత్ర, నడుం పట్టేస్తే గొట్టం మాత్ర, ముల్లు గుచ్చుకుంటే గొట్టం మాత్ర. ఊళ్లో సూదిమందు వేసే గాబ్రియేలు, “ఊరికే మింగేటివి కాదక్కా అవి, వద్దు,” అని మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. ఆదోనికి పోయేవాళ్లతో పాత అట్ట ఇచ్చి పంపి, అట్లాంటివే తెప్పించుకునేది. వాటిని వసారాలో కూర్చొని, గోడ అవతలికి వినపడేట్టు నీళ్లు గటగటా తాగి మింగేది. గోడ అవతలి మనిషికి మాత్ర రుచి ఎట్లా ఉంటుందో కూడా తెలియదు, పల్లెటూరి మొద్దు అని ఆమె లెక్క.

నాగలతకు కూతురు పుట్టిన సంవత్సరం వానలు పడేటప్పటికి విరేచనాలు పట్టుకున్నాయి. మామూలువి కావు. కడుపులో నిప్పులు పోసినట్టు మంట, మెలి, జ్వరం. ఆదోనిలో సెలైన్లు ఎక్కించారు. తగ్గింది. ఇంటికి వచ్చి నాలుగు ముద్దలు తిన్నదో లేదో మళ్లీ మొదలైంది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఇల్లు. పండుగకు గాజులేయడానికి వచ్చిన గుల్షన్ బీ ఆమె చెయ్యి పట్టుకొని ఉలిక్కిపడింది. ఎప్పుడూ వేసే కొలత గాజులు ముంజేతి నుంచి మోచేతి దాకా జారిపోతున్నాయి.

“అల్లా! చిన్నపిల్లల గాజులు తియ్యల్లేమో గదమ్మా నీకు,” అంది. బయటికి పోయి నీళ్ల ట్యాంకు కాడ ఆడవాళ్లతో ఇంకో మాటా అంది. “కడుపుమంట మనిషికి కడుపుమంట గాక ఇంగేమొస్తాది?”

ఆ మాట ఊరంతా తిరిగి ఉరుకుందమ్మ చెవిన పడింది. తోడికోడలి మీద కుళ్లుకుని కుళ్లుకుని పేగులే కుళ్లిపోయాయట. ఆమె మంచంలో అటు తిరిగి ఏడ్చింది. అవతలి నుంచి భీమక్క రోజూ ఒక ముంత మజ్జిగ పిల్లల చేత పంపేది. ఉరుకుందమ్మ దాన్ని బర్రె కుడితిలో పోయించేది. బర్రె నిగనిగలాడింది. చివరకు బర్రెను చూసినా ఆమెకు ఒళ్లు మండేది.

నాగలత చంటిబిడ్డను ఎత్తుకొని పుట్టింటికి పరుగెత్తుకొచ్చింది. అమ్మను, నాన్నను వెంటబెట్టుకొని కర్నూలుకు, పేగుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు పేరు ఫిరోజా. అరిచేతులు వేడిగా ఉండే మనిషి, మాట నిదానం. పాత చీటీలన్నీ చూసింది, పరీక్షలు చేయించింది, ఇన్నాళ్లూ ఏయే మాత్రలు మింగిందో ఓపికగా అడిగింది. ఉరుకుందమ్మ కొంచెం గర్వంగానే అన్నీ చెప్పింది.

“మన ఒంట్లో మనం ఒక్కరమే ఉండమమ్మా,” అంది డాక్టరు. “కంటికి కనపడని జీవాలు లెక్కలేనన్ని ఉంటాయి. చర్మం మీద, నోట్లో, ముక్కులో. అన్నిటికంటే ఎక్కువ పెద్దపేగులో. పుట్టినప్పటి నుంచీ మనతోనే పెరుగుతాయి. మనం అరిగించుకోలేనిది అవి అరిగిస్తాయి, చెడ్డ సూక్ష్మజీవులు వస్తే చోటివ్వవు. మంచి కడుపంటే మంచి ఊరు లాంటిది.”

ఉరుకుందమ్మకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, ‘అయితే దాని కడుపులో ఇంగా ఎక్కువ ఉంటాయేమో’ అని.

డాక్టరు మద్దిలేటి వైపు తిరిగింది. “కలుపు మందు తప్పుడుది కొడితే చేను ఏమవుతుంది?”

“కలుపూ సస్తాది, పైరూ సస్తాది మేడం.”

“ఆ తర్వాత ఖాళీ చేలో ముందు మొలిచేది?”

“తుంగ, మేడం. దాన్ని ఏ మందూ సంపలేదు.”

“ఈమె పేగుల్లో ఇప్పుడు తుంగ మొలిచింది. ఆ మాత్రలు చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపేశాయి. చోటు ఖాళీ అయ్యేసరికి మొండి పురుగొకటి దిగింది. దానికి మందిస్తే అణుగుతుంది, ఆపితే లేస్తుంది. ఇప్పటికి రెండుసార్లు లేచింది. ఇంకోసారి గట్టిగా లేస్తే ఈమె తట్టుకోవడం కష్టం.”

నాగలత ఒడిలో బిడ్డ ఊఁ కొడుతోంది.

“మంచివి మళ్లీ రావాలి,” అంది డాక్టరు. “పాలు పెరుగు కావాలంటే ఏం చేస్తారు?”

“తోడేస్తాం,” అంది ఉరుకుందమ్మ. అనగానే ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది.

“అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగుల్లో నుంచి తోడు తెచ్చి మీ పేగుల్లో వేస్తాం. అంటే, ఆ మనిషి మలం. రక్తపరీక్షలు, మలపరీక్షలు అన్నీ చేసి, ఉప్పునీళ్లలో కలిపి, వడగట్టి, గొట్టంతో కింది నుంచి లోపలికి పంపుతాం. మీకు మత్తులో ఏమీ తెలియదు.”

మద్దిలేటి తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. “మలమంటే... పియ్యేనా మేడం?”

“అదేనప్పా.”

ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. మద్దిలేటికి షుగరు. నాగలతకు కాన్పు ఆపరేషనప్పుడు అట్లాంటి మాత్రలే ఇచ్చారు, మానేసి ఎక్కువ రోజులు కాలేదు. ఈ మధ్యకాలంలో ఆ మందులు ముట్టని, కడుపు గట్టిగా ఉన్న మనిషి ఎవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగింది.

మద్దిలేటికి లౌక్యం తెలియదు. “మా చిన్నోని పెండ్లాం ఉండాది గదా మేడం! మా భీమక్క. రాళ్లు తిన్న్యా అరుగుతాయి ఆయమ్మకి,” అన్నాడు సంతోషంగా.

ఉరుకుందమ్మ కుర్చీలో నుంచి లేచింది.

“సస్తే సస్తా గాని, దాన్ని అడగను,” అంది.

అన్నట్టే ఇంటికి వచ్చి పడుకుంది. చావు కోసం ఎదురు చూస్తూ పడుకుంది అనాలి. మొదట్లో అదేదో గొప్పగానే అనిపించింది. ఒట్టు నిలబెట్టుకొని పోయింది అని జనం చెప్పుకుంటారు. కాని పట్టుదల మనిషి చావును కూడా ఊరికే వదిలిపెట్టదు, ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడాలనుకుంటుంది. చూసింది. తన శవానికి నీళ్లు పోసేది ఎవరు? భీమక్క. అందరికంటే గట్టిగా ఏడ్చేది భీమక్క. ‘అంత తిట్టినా ఎట్లా ఏడుస్తాండాదో సూడు, బంగారం లాంటి మనిషి’ అని మెచ్చుకునేది గుల్షన్ బీ. దినాలకు వచ్చినవాళ్లు ఆకుల్లో కలుపుకొని తినేది భీమక్క పెరుగు. మద్దిలేటి కూడా తింటాడు. కడుపు నిండా తింటాడు, ఇన్నేళ్ల ఆకలి ఉంది మరి. ఉరుకుందమ్మ పళ్లు కొరికింది.

ఇదంతా ఓర్చుకునేదేమో. కాని ఒక పొద్దున నాగలత స్నానం చేసుకోవడానికి బిడ్డను గోడ పైనుంచి భీమక్కకు అందించింది. అటు నుంచి బిడ్డ కిలకిలా నవ్వడం వినపడింది. తన మంచం దగ్గరికి తెస్తే మందుల వాసనకు మొహం తిప్పుకునే బిడ్డ. భీమక్క గొంతు ముద్దుగా పలుకుతోంది.

“అవ్వ అనమ్మా. అవ్వ. ఎవురు నేను? అవ్వ.”

ఉరుకుందమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అత్తను దానికి ఇచ్చింది. మంచి పేరు ఇచ్చింది. ఊరి మెప్పంతా ఇచ్చింది. ఒక్కగానొక్క మనవరాలికి అవ్వ అనిపించుకునే భాగ్యం కూడా దానికే వదిలిపెట్టి పాడెక్కాలా? మనిషిని ఏ దేవుడు బతికిస్తాడో ఎవరం చెప్పగలం? ఉరుకుందమ్మను మాత్రం ఆ పూట బతికించింది శుద్ధ అసూయ.

గోడ పట్టుకొని, తలుపు పట్టుకొని, వీధిలోకి వచ్చి, పక్క గడప దాటింది. వేరు పడిన తర్వాత ఆ గడప తొక్కడం అదే మొదలు. పడసాలలో కవ్వం దగ్గర కూర్చున్న భీమక్క, చంకలో బిడ్డతోనే గబుక్కున లేచింది. మూలన మంచం మీద కునుకుతున్న సంతోషమ్మకు చెవులు సరిగ్గా వినపడవు.

“అక్కా! పిలిస్తే నేనే వస్తుంటి గదా. కూసో, కూసో.”

ఉరుకుందమ్మ కూర్చోలేదు. నేల చూస్తూ చెప్పింది. “నాకు... తోడు కావల్ల.”

“తోడా? అంతేనా! ఇట్ల పిలగాన్ని పంపితే సాలదా,” అని భీమక్క దుత్త వైపు తిరిగింది.

“ఆ తోడు కాదు.”

ఏ తోడో చెప్పాలంటే ఉరుకుందమ్మకు నోరు పెగల్లేదు. డాక్టరు చెప్పిన ఊరు, పైరు, తుంగ అన్నీ చెప్పింది, అసలు మాట దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటికి వచ్చింది. చివరకు కళ్లు మూసుకొని అనేసింది. సంగతి అర్థమయ్యాక భీమక్క బిడ్డను కింద పడుకోబెట్టింది. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు పోయింది. నవ్వులేని భీమక్కను ఉరుకుందమ్మ ఎప్పుడూ చూడలేదు, భయమేసింది.

“పంచాయితీ నాడు నువ్వేమన్న్యావో గురుతుండాదా అక్కా?”

“ఉండాది.”

“నా చేతి మజ్జిగ తాగితే అది తిన్నట్టే అంటివి. ఊరంతా ఇన్నారు. అన్ని నాళ్లు నేను పంపిన మజ్జిగ బర్రెకు పోస్తివి. అదీ నాకు తెలుసు. నాకేం రోసం లేదనుకున్న్యావా? ఇప్పుడు మజ్జిగ వద్దు, ఉత్త పియ్యే కావల్లనా నీకు?”

చెంప మీద కొట్టినా ఉరుకుందమ్మకు ఇంత నొప్పి ఉండేది కాదు. తిరిగి పోదామని గడప వైపు అడుగు వేసింది.

“యాడికి పోతాండావు? నిలబడు.” భీమక్క చెంబు తీసి, అప్పుడే చిలికిన మజ్జిగ నిండా పోసింది. రవ్వంత ఉప్పు వేసి వేలితో కలిపింది. “ఒట్టు ఒట్టే. ముందు ఇది తాగు. దాని తర్వాతే అది. ఈరన్నతో లెక్క సరిపోతాది.”

ఉరుకుందమ్మ చెంబు అందుకుంది. ఎత్తి తాగింది. పుల్లగా, చల్లగా, ఎక్కడో చిన్ననాటి రుచిలా ఉంది. ఎన్నేళ్లు ప్యాకెట్ పెరుగు తిని ఎంత పోగొట్టుకుందో ఆ ఒక్క గుక్కలో తెలిసింది. అంత బాగున్నందుకు కూడా ఆమెకు ఏడుపొచ్చింది. సగం కృతజ్ఞత, సగం కుళ్లు. ఏది ఎంతో ఆమెకే తెలియదు.

కర్నూలులో భీమక్క రక్తం తీశారు, అన్ని పరీక్షలూ చేశారు. ఫలితాలు వచ్చిన రోజు ఫిరోజా కాగితాలు చూస్తూ తలూపింది.

“భేషుగ్గా ఉందమ్మా. ఇంత మంచిది నేను శానా తక్కువ చూసినాను.”

భీమక్క సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనే కూర్చున్న ఉరుకుందమ్మ కళ్లు చింతనిప్పులయ్యాయి. ఆఖరికి ఇందులో కూడా దానికే మార్కులా! ప్రాణం పోసే మనిషి మీద ఇట్లా మండిపడటం తప్పని తెలుసు. తెలిస్తే మాత్రం ఆగుతుందా?

పని జరిగింది. ఉరుకుందమ్మకు మత్తు వదిలాక ఏమీ జరగనట్టే ఉంది. కొన్నాళ్లకు మంట దిగింది. మెలి పోయింది. ఆకలి వేసింది, నిజమైన ఆకలి. సంగటి ముద్ద తింటే ముద్దలాగే కడుపులో కూర్చుంది. మళ్లీ చూపించుకోవడానికి పోతే డాక్టరు, “తోడుకున్నట్టుందే!” అని నవ్వింది. ఊరికే మాత్రలు మింగవద్దని మరీ మరీ చెప్పింది.

కడుపు కుదుటపడింది, మనసే పడలేదు. భీమక్క ఎవరితో చెప్తుందో అన్న బెంగ. ఒకరికి చెబితే చాలు. ఆ ఒట్టు విన్నవాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది బతికే ఉన్నారు. ‘ఉరుకుందమ్మ అన్నంత పనీ చేసింది’ అని తరతరాలు చెప్పుకుంటారు. పిల్లలు పాట కడతారు. ట్యాంకు కాడ ఎవరు నవ్వినా ఆమెకు గుండె జారేది. గోడకు చెవి ఆనించి వినడం అలవాటయింది.

అట్లా వింటున్నప్పుడే ఒక సాయంత్రం గుల్షన్ బీ గొంతు వినపడింది.

“అవునూ భీమక్కా, మొన్న అన్ని దినాలు కర్నూల్లో ఏం పని నీకు? నీ ఒంట్లో బాగనే ఉండాది గదా?”

గోడకు ఇటు పక్క ఉరుకుందమ్మ చెవిని ఇంకా గట్టిగా ఆనించింది.

“మా అక్కకు తోడు పోయింటి,” అంది భీమక్క.

“నిన్ను అంత తిట్టేదానికా?”

“తోడికోడలన్నాక తోడు పోకుంటే ఎట్లబ్బా? నీ గాజులు సూపీ ముందు.”

అంతే. ఒక అబద్ధం లేదు, ఒక నిజం బయట పడలేదు. గాజుల గలగలలో మాట వేరే దారి పట్టింది. ఉరుకుందమ్మ గోడకు వీపు ఆనించి కూలబడింది. హమ్మయ్య అనుకోవాలి. అనుకుంది కూడా. కాని ఆ వెంటనే, ఆ వెనకే, పాత మంట భగ్గున లేచింది. ‘అదే నేనైతేనా? నేనే దానికి ఇచ్చింటే, ఊరంతా చాటింపు వేయించేదాన్ని. అది సచ్చేదాకా దెప్పేదాన్ని.’ ఆ సంగతి తనకు తెలుసు. అంత పెద్ద మాటను కడుపులో దాచుకొని అరిగించుకోవడం తన వల్ల కాదు. భీమక్క పెరుగు మీద, కొడుకుల మీద, ఆరోగ్యం మీద పడి ఏడ్చింది ఇన్నాళ్లూ. ఏడవాల్సిన సంగతి ఇది. ఇది మాత్రం ఏ గొట్టంతోనూ ఎక్కించరు.

మరునాడు ఆమె ప్యాకెట్ పెరుగు మాన్పించింది. సాయంత్రం బర్రె పాలు కాచి దించి, గిన్నె పట్టుకొని పక్కింటికి పోయింది.

“రవ్వంత తోడు ఇయ్యే.”

భీమక్క కళ్లు మెరిశాయి. “ఇంగానా అక్కా! ఇచ్చింది సాలదా?” అంది మెల్లగా. ఉరుకుందమ్మకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది. ఇద్దరూ కొంగులు అడ్డం పెట్టుకొని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. మంచం మీద సంతోషమ్మ, “ఏమైందే? ఏమైందే?” అని అడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఉరుకుందమ్మ పాల దగ్గర కూర్చొని ఎదురు చూసింది. చిటికెన వేలు ముంచింది, కాలింది. కూర్చుంది. మళ్లీ ముంచింది. పాలు వేలికి నులివెచ్చగా తగిలేదాకా ఆగింది. అప్పుడు తోడు కలిపి మూత పెట్టింది. తెల్లారి చూస్తే గిన్నె వంచినా పెరుగు కదల్లేదు.

గిన్నెను కొంగు కింద దాచుకొని అత్త దగ్గరికి తీసుకుపోయింది. భీమక్క అప్పటికే చేనికి పోయింది, ఇంట్లో ముసలామె ఒక్కతే. ఉరుకుందమ్మ కొంచెం అన్నంలో పెరుగు కలిపి ఆమె చేతికిచ్చి, ఎదురుగా కూర్చొని ఆమె నోటి వైపే చూసింది. సంతోషమ్మ చూపు కూడా మందగించింది. ఎవరు పెట్టారో చూడలేదు. బోసినోటితో నిదానంగా చప్పరించింది. ముఖం విప్పారింది.

“చిన్నదాని పెరుగే పెరుగు,” అంది. “దాని కడుపు సల్లగుండ!”

ఉరుకుందమ్మకు నోటి దాకా వచ్చింది. ఇది నా పెరుగు, నా బర్రె పాలు, నా చేత్తో ఆరనిచ్చి వేశాను, ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను మెచ్చుకో అత్తా అని అరవాలనిపించింది. చెవిటి ముసలామె చెవిలో ఎంత గట్టిగా అరిచినా తప్పు లేదు. నోరు తెరిచింది. చెయ్యి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది. లోపల నిమ్మళంగా ఉంది. ‘దాని కడుపు’ అంటే ఇప్పుడు ఏ కడుపు? అత్త దీవెన ఎవరికి తగిలినట్టు?

“అవునత్తా,” అంది గట్టిగా, వినపడేట్టు. “భీమక్కదే.”

ఆ పేరు తన నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ముసలామె ఏమీ గమనించలేదు, ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపింది. ఉరుకుందమ్మ పెరుగు వేస్తూ ఉంటే కడుపులో సన్నగా మండింది. ఏ మంటో ఆమెకు తెలుసు. దానికి మాత్ర వేసుకోలేదు.